అడ్డం – నిలువు

మన యిళ్ళల్లో ఎన్ని పట్టికలున్నాయో ఎప్పుడైనా గమనించారా? వంటింటి గోడకి వేళ్ళాడే కాలెండరు ఒక పట్టిక. వారాల పేర్లు పక్కన, తేదీలు గళ్ళల్లో. ఆ గళ్ళల్లోనే పాలు రాని రోజుకి ఒక సున్నా, గ్యాసు బండ వచ్చిన రోజుకి ఒక ఇంటూ గుర్తు. పిల్లల టైంటేబుల్ ఒక పట్టిక. ప్రోగ్రెస్ రిపోర్టు ఒక పట్టిక. దాని మీద నాన్నగారి సంతకం కోసం పడే పాట్లు వేరే కథ. ఇక పంచాంగం సరేసరి, ఏ పుట తిప్పినా గళ్ళే. వీటిని మనం చదువుతున్నామని కూడా అనుకోం. చూస్తాం, అంతే. కన్ను ఒక గడి మీద పడుతుంది. అడ్డంగా ఒక పరుగు, నిలువుగా ఒక పరుగు తీసి వస్తుంది. విషయం తెలిసిపోతుంది.

ఆ పరుగు ఎంత పెద్ద పనో, అది తియ్యలేని మనిషి పక్కన కూర్చుంటేగానీ తెలిసిరాదు.

మా మేనత్తకి 76 ఏళ్ళు. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై యేళ్ళకి పైగా లెక్కలు చెప్పింది. చేతిలో సుద్దముక్క, నోట్లో ఎక్కం రెండూ ఒకేసారి కదిలేవని ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. పెళ్ళి చేసుకోలేదు. తన ఇల్లు, తన పెన్షను, తన లెక్కల పుస్తకం. అటువంటి మనిషికి నీటికాసులు వచ్చింది. ఆ జబ్బు స్వభావమేమిటో గానీ చాలామందికి నొప్పీ వుండదు, గోలా వుండదు. దొంగలాగా అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకి వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఇప్పుడు అత్తయ్యకి కిటికీ ఎటు వుందో తెలుస్తుంది గానీ కిటికీలో ఎవరున్నారో తెలియదు.

అయినా ఆవిడ కంప్యూటరు వాడుతుంది. మా అమ్మాయి ఇలాంటి పేజీలు తయారుచేసే కంపెనీలో, హైదరాబాదులో పనిచేస్తోంది. తెర మీద వున్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామొకటి పెట్టి ఇచ్చింది. స్క్రీన్ రీడర్ అంటారు. ఇవి కొత్తవేం కావు. అమెరికాలో టెడ్ హెంటర్ అనే మోటారుసైకిలు పందేల మనిషి 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. తర్వాత కంప్యూటరు విద్య నేర్చుకుని, 1989లో 'జాస్' అనేదాన్ని బయటికి తెచ్చాడు. అది ఖరీదైన సరుకు. అత్తయ్య వాడేది 'ఎన్.వి.డి.ఎ.'. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా తెచ్చుకోవచ్చు. దాని గొంతు తెలుగు కూడా పలుకుతుంది. కాకపోతే రైల్వేస్టేషను మైకుకి జలుబు చేసినట్టు వుంటుంది. "గొంతుతో నాకేం పని, పాట కచేరీయా ఏమన్నానా? మాట తెలిస్తే చాలు" అంటుంది అత్తయ్య.

పేపర్లు వింటుంది. మెయిళ్ళు వింటుంది. నా సీరియళ్ళు కూడా వింటుంది (విని తప్పులు పడుతుంది, అది వేరే సంగతి). ఆవిడకి చిక్కంతా పట్టికల దగ్గరే వచ్చింది.

కిందటేడు పాత డిపాజిట్టు ఒకటి గడువు తీరింది. మళ్ళీ వెయ్యాలి. ఎన్నాళ్ళకి వేస్తే ఎంత వడ్డీయో బ్యాంకువాళ్ళ పేజీలో వుంది కదా, చూసుకుంటానని కూర్చుంది. నేనూ పక్కనే వున్నాను. నాకు తెర కనబడుతోంది. చక్కటి పట్టిక. పైన నీలిరంగు పట్టీ, దానిలో తెల్లటి లావు అక్షరాలు. ఎడమవైపు కాలవ్యవధి. కుడివైపు మొదట '3 కోట్ల లోపు', దాని కింద రెండు వరసలు, సాధారణ ఖాతాదారులు ఒకటి, సీనియర్ సిటిజన్లు ఒకటి. ఆ పక్కన '3 కోట్లు, ఆపైన', దాని కింద మళ్ళీ అవే రెండు. ముచ్చటగా వుంది.

అత్తయ్యకి వినబడింది ఇదీ. ఇంగ్లీషులో వున్నదాన్ని మీకోసం తెలుగు చేస్తున్నాను. అంకెలు కూడా నేను మార్చినవే:

"కాలవ్యవధి. 3 కోట్ల లోపు. ఖాళీ. 3 కోట్లు, ఆపైన. ఖాళీ. ఖాళీ. సాధారణ. సీనియర్. సాధారణ. సీనియర్. ఒక సంవత్సరం. 6.25. 6.75. 6.00. 6.50. 444 రోజులు. 6.60. 7.10. 6.00. 6.50..."

ఇలాగే పధ్నాలుగు వరసలు. నాలుగో వరస దాటేసరికి ఏ అంకె ఎవరిదో నాకే తెలియలేదు, చూపు వున్నదాన్ని. పోనీ ఒక్కొక్క గడే మెల్లిగా నడుద్దామని బాణం మీటలు నొక్కింది. అప్పుడేమంటుందీ? "అడ్డవరస 9. నిలువువరస 3. 6.40." అంతే. తొమ్మిదో వరస అంటే ఎన్నాళ్ళు? మూడో వరస అంటే ఎవరు? వెనక్కి పోయి కనుక్కుని, మళ్ళీ వచ్చేసరికి అంకె మరిచిపోవాలి.

"ఇదేమిటే! పరీక్షహాల్లో కిటికీలోంచి కాపీ అందించేవాడు జవాబులు మాత్రం గడగడా చదివి పోయినట్టుంది. ఏ ప్రశ్నకి ఏ జవాబో తెలియద్దూ?" అంది అత్తయ్య.

చదివి చెబుతానన్నాను. ఒద్దంది. పక్కింటి కుర్రాడు ఇదివరకొకసారి చదివిపెట్టాడట. మంచివాడే పాపం. కానీ ఆ సాయంత్రానికి వీధిలో నలుగురికి అత్తయ్య డిపాజిట్ల సంగతి తెలిసిపోయింది. ఆ కుర్రాడు చెప్పాలని చెప్పలేదు, మాటల్లో దొర్లిందంతే. "నా డబ్బు లెక్క నా చెవికి చేరడానికి మధ్యలో ఇంకొకరి నోరెందుకే?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మనలో ఎంతమందిమి బ్యాంకు పాసుపుస్తకం చీరల దొంతర కింద దాచుకోం చెప్పండి! దాచడం వేరు, తెలియకపోవడం వేరు. దాచుకునే హక్కు వున్న మనిషికి తెలుసుకునే దారి లేకపోతే ఎలా?

ఆ రాత్రే మా అమ్మాయికి ఫోను చేశాను. అది నవ్వి, "అమ్మా, ఆ పట్టికలో శీర్షికలు లేవు" అంది.

"లేకపోవడమేమిటే, నీలిరంగులో ఇంత లావున నేను చూశాను కదా!"

"నువ్వు చూశావు. కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు."

అప్పుడు చెప్పుకొచ్చింది. నాకు లెక్కల డిగ్రీ లేదు, ఇంజనీరింగూ లేదు. బి.ఏ.లో చరిత్ర, తెలుగు సాహిత్యం. నాకే అర్థమయిందంటే మీకు తప్పక అర్థమవుతుంది.

వెబ్ పేజీ అనేది మనకి కనబడే ముందు ఉత్త రాత. ఆ రాతలో మధ్యమధ్య గుర్తులుంటాయి: ఇది పేరా, ఇది శీర్షిక, ఇది బొమ్మ అని. పట్టిక మొదలయ్యేచోట 'టేబుల్' అని గుర్తు. ఒక్కొక్క అడ్డవరసకీ 'టి.ఆర్.', అంటే టేబుల్ రో. ఆ వరసలో మామూలు గడికి 'టి.డి.', అంటే టేబుల్ డేటా. పేరు చెప్పే గడికి 'టి.హెచ్.', అంటే టేబుల్ హెడర్. గడులు వేసేదంతా అడ్డవరసల్లోనే. ఒకదాని కింద ఒకటి పేరుస్తూ పోతే నిలువువరసలు వాటంతటవే ఏర్పడతాయి. పడుగు లేకుండా పేక ఒక్కటీ వేసి బట్ట నేసినట్టన్నమాట. మంగళగిరి నేతగాళ్ళు వింటే నవ్విపోతారు.

ఆ బ్యాంకు పేజీ రాసినవాళ్ళు అన్ని గడులకీ టి.డి. అనే పెట్టారు. పై వరసకి రంగు పూసి, అక్షరాలు లావు చేసి, ఇదే శీర్షిక అనుకోమన్నారు. చూసేవాళ్ళకి తేడా తెలియదు. వినేవాళ్ళకి అక్కడ శీర్షికే లేదు. పట్టుచీర కట్టి, పూలజడ వేసి పక్కన కూర్చోబెట్టినంత మాత్రాన తోటిపెళ్ళికూతురు పెళ్ళికూతురవుతుందా? పురోహితుడికి చెప్పొద్దూ, ఫలానా అమ్మాయిది పెళ్ళి అని!

టి.హెచ్. అని పెట్టాక ఇంకొక్క మాట చెప్పాలి. ఈ శీర్షిక ఎవరికి వర్తిస్తుంది, కింద వున్నవాళ్ళకా, పక్కన వున్నవాళ్ళకా? దానికి 'స్కోప్' అని ఒక మాట వుంది. స్కోప్ 'కాల్' అంటే ఈ పేరు కింది గడులన్నిటికీ. స్కోప్ 'రో' అంటే పక్క గడులన్నిటికీ. చిన్న పట్టికలకి ఇది లేకపోయినా స్క్రీన్ రీడర్ ఊహించుకుంటుందిట గానీ, ఊహలకి వదిలెయ్యడమెందుకు, రాసేస్తే పోలా, అంటుంది మా అమ్మాయి. ఒకే శీర్షిక రెండు వరసల మీద గొడుగు పట్టాల్సివస్తే, మన '3 కోట్ల లోపు' లాగా, ఖాళీ గడి పెట్టకూడదు. 'కాల్‌స్పాన్ 2' అని దాన్ని చాపి, స్కోపు 'కాల్‌గ్రూప్' అనాలి. ఇంకా చిక్కుపడ్డ పట్టికలయితే ప్రతి శీర్షికకీ ఒక ఐ.డి. పేరు పెట్టి, ప్రతి గడికీ 'హెడర్స్' అని రాసి, నీ తల్లి ఫలానా, తండ్రి ఫలానా అని చెప్పాలి. గోత్రనామాలతో సహా అన్నమాట. అంత దూరం తెచ్చుకోకుండా పట్టికనే రెండు చిన్న పట్టికలు చెయ్యడం మంచిదిట. నాకూ అదే బాగనిపించింది. ఉమ్మడి కుటుంబాలు విడిపోయింది కూడా ఊరికేనా!

ఇవన్నీ పెడితే ఏమవుతుంది? నిలువుగా దిగుతుంటే స్క్రీన్ రీడర్ ప్రతి అంకె ముందూ ఆ అడ్డవరస పేరు చెబుతుంది. "444 రోజులు, 7.10." పక్కకి జరిగితే నిలువువరస పేరు చెబుతుంది. "సాధారణ, 6.60." మారినదాన్ని మాత్రమే చెబుతుంది, మారనిదాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పి విసిగించదు.

ఇది వినగానే నాకు ఉగాదినాటి పంచాంగ శ్రవణం గుర్తుకొచ్చింది. పంచాంగంలో పన్నెండు రాశులు ఒకవైపు, ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం ఇంకొకవైపు. ఉత్త గళ్ళు, ఉత్త అంకెలు. గుళ్ళో కూర్చున్న జనంలో ఎవరి చేతిలోనూ పుస్తకం వుండదు. పంతులుగారు ఏమని చదువుతారు? "మేషరాశి వారికి ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 5, అవమానం 7" అని. అక్కడితో ఆగి, "వృషభరాశి వారికి..." అంటారు. రాశి మారినప్పుడు రాశి పేరు. ఆ రాశిలో నడిచేటప్పుడు ఆదాయమో వ్యయమో, ఆ పేరు. ఎవరు నేర్పారు ఆయనకి? ఆయన "2, 14, 5, 7, 11, 5..." అని ఏకరువు పెట్టివుంటే మనం ప్రసాదం కూడా తీసుకోకుండా లేచొచ్చేవాళ్ళం. వ్యయం ఎక్కువా ఆదాయం ఎక్కువా అన్న దిగులు ఏడాదంతా పడాల్సినవాళ్ళం, ఏ అంకె దేనిదో తెలియకపోతే ఎలా దిగులుపడతాం!

అత్తయ్యతో ఈ మాటంటే, ఆవిడ ఇంకొక అడుగు ముందుకు వేసింది. "ఎక్కాలు మాత్రం? ఏడెనిమిదులు యాభై ఆరు. ఏడంటే వరస, ఎనిమిదంటే గడి, యాభై ఆరు జవాబు. మూడూ కలిపి అప్పజెప్పిస్తాం. ఉత్తినే 'ఏడు, పధ్నాలుగు, ఇరవయ్యొకటి' అని చదివే పిల్లని మధ్యలో ఆపి ఏడెనిమిదులెంతే అంటే వేళ్ళు లెక్కపెట్టుకుంటుంది. ముప్ఫై యేళ్ళు చూశాను" అంది. నిజమే కదా. చెవితో నేర్చుకునే చదువులు చెప్పినవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కళ్ళు వచ్చి మరిపించాయి.

పట్టికకి పేరు కూడా వుండాలి. దానికి 'క్యాప్షన్' అని గుర్తు వుంది, టేబుల్ అన్న గుర్తు తర్వాత మొట్టమొదట అదే రావాలి. అప్పుడు పట్టికలో అడుగు పెట్టగానే స్క్రీన్ రీడర్ ఇన్ని అడ్డవరసలు, ఇన్ని నిలువువరసలు అని చెప్పి, పేరు కూడా చెబుతుంది. వినే మనిషి లోపలికి పోవాలో, దాటిపోవాలో తేల్చుకుంటుంది. మన సీరియళ్ళకి 'జరిగిన కథ' లాంటిది. నాలాంటి రచయిత్రులకి ఇంకో సంగతి కూడా తెలుసు: పేజీ నిండా సంభాషణలు రాసి, 'అన్నాడు', 'అంది' అని ఒక్కచోటా లేకపోతే, పాఠకురాలు పైనుంచి వేళ్ళు పెట్టి, ఇది ఆయన మాట, ఇది ఆవిడ మాట అని లెక్కపెట్టుకోవాలి. ఒక వరస తప్పితే మొగుడి మాట పెళ్ళాం నోట్లో పడుతుంది. వడ్డీ లెక్కల్లో అది నవ్వులాట కాదు.

ఇంకా ఎన్ని రకాలుగా చెడగొట్టవచ్చో మా అమ్మాయి ఏకరువు పెట్టింది. పట్టికని ఫొటో తీసి పెట్టేవాళ్ళున్నారట. స్క్రీన్ రీడర్ "బొమ్మ" అని ఊరుకుంటుంది. ఆకలేసినవాడికి అన్నం ఫొటో. రక్తపరీక్షల పట్టికలో హెచ్చు వున్న అంకెని ఎర్రరంగుతో చూపించి ఊరుకునేవాళ్ళు కొందరు, ఎరుపు వినబడుతుందా? పచారీ కొట్టు చిట్టాలో లాగా పైదే కిందకూడా అని 'డిటో' గీతలు పెట్టేవాళ్ళు కొందరు. ఆ గీతల్ని ఆ యంత్రం చిత్తశుద్ధితో కామా, కామా అని చదువుతుంది.

ఇదంతా తెలియక జరుగుతోందా అంటే, తెలిసి పాతికేళ్ళు దాటింది. పట్టికల గుర్తులు 1990ల నడుమ వచ్చాయి. స్కోపు, హెడర్సు అనేవి 1997 డిసెంబరులో హెచ్.టి.ఎం.ఎల్. 4.0తో వచ్చాయి. సమాచార పట్టికలకి అడ్డం, నిలువు శీర్షికలు గుర్తుపెట్టి తీరాలని 1999 మేలో అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి, అదీ మొదటి తరగతి నియమంగా. అయినా పని చెడడానికి ఒక తమాషా కారణం వుంది. ఆ రోజుల్లో పేజీని అందంగా అమర్చడానికి వేరే సాధనం సరిగ్గా పనిచేసేది కాదు. అందుకని పట్టిక గళ్ళల్లోనే బొమ్మొకచోట, రాతొకచోట సర్ది, ఖాళీలు నింపడానికి కంటికి కనబడని బొమ్మముక్కలు దూర్చి, పేజీ మొత్తం పట్టికగా కట్టేసేవాళ్ళు. అద్దె ఇంట్లో గోడ లేనిచోట బీరువా అడ్డం పెట్టి రెండు గదులు చేసుకుంటాం చూడండి, అలాగ. తర్వాత సి.ఎస్.ఎస్. అనే అలంకారశాస్త్రం బ్రౌజర్లకి బాగా వంటబట్టింది. పేజీ అమరికకి పట్టిక వాడకూడదని పెద్దలు చెప్పారు. కుర్రకారు ఆ మాటని సగమే విని, పట్టికే వాడకూడదనుకున్నారు! నిజమైన పట్టికలని కూడా 'డివ్' అనే ఉత్త పెట్టెలు పక్కపక్కన పేర్చి చేస్తున్నారట కొందరు. అక్కడ స్క్రీన్ రీడరుకి పట్టిక వుందన్న సంగతే తెలియదు. బీరువా గోడ కాదురా నాయనా అంటే, బీరువానే అమ్మేసి బట్టలు నేలమీద పెట్టినట్టు.

మా అమ్మాయి పనిచేసేచోట కూడా పై అధికారి ఒకాయన అన్నాట్ట, "మన పేజీకి చూపులేనివాళ్ళు ఎంతమంది వస్తారు?" అని. "వచ్చి, ఏమీ తెలియక వెళ్ళిపోయినవాళ్ళని మీరెలా లెక్కపెట్టారు సార్?" అందిట ఇది. దానికి నోరెక్కువ, ఎవరి పోలికో నేను చెప్పను. 2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో చూపుకి సంబంధించిన వైకల్యం వున్నవాళ్ళు 50 లక్షల మంది తేలారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి సమాచారం వాళ్ళకి అందుబాటులో వుండాలంటోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకొంచెం ముందుకు పోయి, కంప్యూటరు ద్వారా జరిగే పనులు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఇంతకీ ఆ అధికారి చివరికి, "సరే, ఎంతసేపు పడుతుంది?" అన్నాట్ట. ఆ పేజీలో పట్టికలు మూడు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా చేసేసింది.

బ్యాంకువాళ్ళకి కూడా ఉత్తరం రాశాం. మీ సూచనని సంబంధిత విభాగానికి పంపామని మర్యాదగా జవాబొచ్చింది. విభాగం ఇంకా ఆలోచిస్తున్నట్టుంది.

అంతదాకా డబ్బు ఆగుతుందా? ఆ ఆదివారం మా అమ్మాయి తెనాలి వచ్చి, ఆ పట్టికనే తీసుకుని తన కంప్యూటర్లో తిరగరాసింది. ముందుగా '3 కోట్లు, ఆపైన' అన్న భాగాన్ని వేరే పట్టిక చేసి కిందికి తోసేసింది. "అది నాకెందుకే, ఆ గదిలోకి ఈ జన్మలో పోయేది లేదు" అంది అత్తయ్య. మిగిలినదానికి కాలవ్యవధులన్నీ టి.హెచ్., స్కోపు రో. పైన రెండూ టి.హెచ్., స్కోపు కాల్. మీద క్యాప్షను. అయిపోయింది. చూడ్డానికి బ్యాంకువాళ్ళ నీలిపట్టీ ముందు మా అమ్మాయి పట్టిక వెలవెలబోయింది.

అత్తయ్య ముందుకి జరిగి కూర్చుంది. టి మీట నొక్కితే పట్టిక దగ్గరికి పోతుంది. కంట్రోలు, ఆల్టు పట్టుకుని బాణాలు నొక్కితే గడిగడికీ నడుస్తుంది. సీనియర్ వరసలోకి వెళ్ళి కిందికి దిగడం మొదలుపెట్టింది. "ఒక సంవత్సరం, 6.75." ఇంకొకటి. "444 రోజులు, 7.10." ఇంకొకటి. "445 రోజుల నుంచి 2 సంవత్సరాల వరకు, 6.80." ఆగింది. మళ్ళీ పైకి ఎక్కింది. మళ్ళీ దిగింది. బ్లాకుబోర్డు మీద లెక్క వేసి, వెనక్కి రెండడుగులు వేసి చూసుకునే టీచరు మొహం ఎలా వుంటుందో అలా వుంది ఆవిడ మొహం.

"వీడు నాకు రెండేళ్ళకి వెయ్యమన్నాడు" అంది, మా తమ్ముడి గురించి. వాడు బ్యాంకు పనులన్నీ తనకి తెలుసనుకుంటాడు. "రెండేళ్ళకి 6.80. 444 రోజులకి 7.10. లక్షకి ఏడాదికి మూడు వందలు వదులుకోమంటాడా? పైగా డబ్బు తొందరగా చేతికొస్తుంది కూడానూ."

మా తమ్ముడికీ చూపుంది, నాకూ వుంది. ఆ పట్టిక ఇద్దరం చూశాం. నీలిరంగు బాగుందనుకున్నాం.

సోమవారం అత్తయ్య వాణ్ణే తోడు తీసుకుని బ్యాంకుకి వెళ్ళింది. కౌంటరులో వున్న అమ్మాయి, పాపం చెడ్డ ఉద్దేశంతో కాదు, అత్తయ్యని దాటి మా తమ్ముడి వైపు చూసి, "ఎన్నాళ్ళకి వేస్తారు సార్?" అందిట. "సారుది కాదమ్మా డబ్బు, నాది. 444 రోజులు. ఇవాళ్టి రేటు 7.10 అవునో కాదో చూసి చెప్పు" అందిట అత్తయ్య. ఎంత వేసిందో మా తమ్ముణ్ణి అడిగాను. ఫారం పూర్తిచేసేటప్పుడు వాణ్ణి బయట మోటారుసైకిలు చూసుకోమని పంపేసిందిట.

ఇప్పుడు ఆవిడకి ఈ పిచ్చి పట్టుకుంది. తన షుగరు పరీక్షలన్నీ ఒక పేజీలో పెట్టి ఇమ్మని మా అమ్మాయి ప్రాణం తీసింది. తేదీ, పరగడుపున ఎంత, భోజనం తర్వాత ఎంత. అది పాపం రాత్రి కూర్చుని, తేదీలకి స్కోపు రో, మిగతావాటికి స్కోపు కాల్, ఎరుపు రంగుకి బదులు 'హెచ్చు' అని మాట, అన్నీ జాగ్రత్తగా పెట్టి పంపించింది. పైన క్యాప్షను 'మామ్మ షుగరు'.

పదినిమిషాల్లో ఫోను. "మామ్మేమిటే? డాక్టరుగారికి కూడా నేను మామ్మనేనా? నా పేరు పూర్తిగా రాయి. ఏ సంవత్సరమో అది కూడా వెయ్యి. పదికి ఎనిమిది వేస్తున్నాను, దిద్ది పంపించు."